తాత దగ్గలేదు

2017 సంక్రాంతికి అనకాపల్లి వెళ్ళినప్పుడు తాత చొక్కా ఆయనకి రెండు సైజులు పెద్దదైనట్టు కనిపించింది. చొక్కా పాతదే. మనిషే తగ్గిపోయాడు. అప్పటికి ఆయనకి డెబ్భై ఎనిమిదేళ్ళు. బెల్లం మార్కెట్లో ఒక కమీషన్ కొట్టులో నలభై ఏళ్ళు గుమస్తాగా చేసిన మనిషి. దిమ్మని చేత్తో పట్టుకుని బరువు చెప్పేవాడు, చిన్న ముక్క నోట్లో వేసుకుని ఏ నేల చెరుకో చెప్పేవాడు. అలాంటిది, ఆ పండక్కి అరిసె ముట్టుకోలేదు.

"ఏటైంది తాతా?" అంటే, "ఏటవుతాదిరా, వయసైపోనాది. తిండి సయించట్లేదు" అన్నాడు.

దగ్గు లేదు. జ్వరం ఉందో లేదో తెలియదు, ఎవరూ చూడలేదు. బాబాయ్ అప్పటికే ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయనా అదే మాట అన్నాడట, కాకపోతే కాస్త నాగరికంగా: ఏజ్ రిలేటెడ్. బలానికి ఒక టానిక్, బీ కాంప్లెక్స్ మాత్రలు. రెండు నెలల తర్వాత మళ్ళీ వెళితే టానిక్ మార్చారు. తాత ఇంకో నాలుగు కిలోలు తగ్గాడు. నేను హైదరాబాద్‌లో కూర్చుని వీడియో కాల్‌లో ఆయన మొహం చూసి, "బాగానే ఉన్నావు తాతా" అని అబద్ధం చెప్పేవాణ్ణి.

నాలుగో నెలలో వేరే ఆసుపత్రిలో ఒక డ్యూటీ డాక్టరు, నాకంటే చిన్నదే అయ్యుంటుంది, అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. "తాతగారూ, చిన్నప్పుడు మీ ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండేదా?"

గదిలో అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తాత చాలాసేపు గోడకేసి చూసి, "మా అన్నకి" అన్నాడు.

ఆయనకో అన్న ఉండేవాడని నాకు ఆ రోజే తెలిసింది. మా నాన్నకి అన్న సంగతి తెలుసు గానీ, ఏ రోగంతో పోయాడో తెలియదు. 1954లో ఇరవై రెండేళ్ళ వయసులో పోయాడట. తాతకి అప్పుడు పదిహేను. ఇద్దరూ ఒకే గదిలో, పక్కపక్క నులకమంచాల మీద పడుకునేవారు. ఇంట్లో పెళ్ళి కావలసిన ఆడపిల్లలు ఉన్నారు కాబట్టి ఆ రోగం పేరు బయటికి రానివ్వలేదు. రానివ్వకుండా అరవై మూడేళ్ళు గడిచాయి.

తెమడ తెప్పించడానికి ఉప్పునీటి ఆవిరి పట్టాల్సి వచ్చింది. పరీక్షలో క్షయ అని తేలింది.

*

ఇది జరిగాక నన్ను వదలకుండా వెంటాడిన ప్రశ్న ఒకటే. పాత సినిమాల్లో హీరో రుమాలు అడ్డం పెట్టుకుని ఒక్కసారి దగ్గితే హాల్లో అందరికీ అర్థమైపోయే రోగం ఇది. మరి తాత ఎందుకు దగ్గలేదు?

నేను చదువుకున్నది కంప్యూటర్ సైన్స్. వైద్యం గురించి నాకు తెలిసినదంతా ఆ తర్వాతి ఏళ్ళలో, రాత్రిళ్ళు, ఒక మూలనుంచి ఇంకో మూలకి తవ్వుకుంటూ పోయి తెలుసుకున్నదే. అలా తవ్వుతూ పోతే దారి మన చిత్తూరు జిల్లా మదనపల్లెకి (ఇప్పటి అన్నమయ్య జిల్లా వైపుకి) తీసుకెళ్ళింది. అది చెప్పేముందు ఇంకొంచెం వెనక్కి వెళ్ళాలి.

క్షయ క్రిమిని రాబర్ట్ కోఖ్ బెర్లిన్‌లో లోకానికి చూపించింది 1882 మార్చి 24న. ఆ ఏడాదే ఇటలీలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ జీవశాస్త్రవేత్త, పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లలో ఒక గులాబీ ముల్లు గుచ్చి, మర్నాడు పొద్దున మైక్రోస్కోపులో చూశాడు. ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. బయటనుంచి వచ్చినదాన్ని మింగే కణాలు మన ఒంట్లోనే కాపలా తిరుగుతున్నాయన్న ఆలోచన అక్కడ పుట్టింది. రోగనిరోధక శాస్త్రానికి పునాది వేసిన రెండు మూడు పరిశీలనల్లో అదొకటి. దానికి 1908లో నోబెల్ కూడా వచ్చింది.

అయితే మెచ్నికోవ్ జీవితంలో రెండో సగం ముసలితనం గురించి ఆలోచించడంలో గడిచింది. వృద్ధాప్య శాస్త్రానికి 'జెరొంటాలజీ' అన్న పేరు 1903లో పెట్టింది ఆయనే. వయసు మీరాక, కాపలా కాయాల్సిన ఆ మింగుడు కణాలే దారి తప్పి సొంత శరీరాన్ని కొరుక్కు తింటాయని ఆయన అనుమానం. విరుగుడు పులిసిన పాలు అన్నాడు. పెరుగన్నం లేనిదే భోజనం ముగియని మనకి ఇది వింటే నవ్వొస్తుంది. వివరాల్లో చాలావరకు తప్పే. కానీ రోగనిరోధక వ్యవస్థనీ ముసలితనాన్నీ ఒకే ప్రశ్నగా చూసిన చూపు మాత్రం ఆయనది. ఆ చూపు మళ్ళీ బలంగా నిలబడడానికి అరవై ఏళ్ళు పట్టింది. 1969లో అమెరికాలో రాయ్ వాల్ఫర్డ్ వృద్ధాప్యానికి రోగనిరోధక సిద్ధాంతం అంటూ ఒక పుస్తకమే రాశాడు.

క్షయ విషయంలో ఈ కణాలు చేసే పని విచిత్రంగా ఉంటుంది. క్రిమి ఊపిరితిత్తిలోకి వెళ్ళగానే మాక్రోఫేజ్ అనే పెద్ద మింగుడు కణం దాన్ని మింగుతుంది. కానీ చాలాసార్లు చంపలేదు. క్రిమి లోపలే బతుకుతుంది. అప్పుడు ఆ కణం సాయం కోసం సంకేతాలు పంపుతుంది. వాటిని అందుకుని టీ కణాలు వస్తాయి. టీ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థాన్ని వదులుతాయి. ఆ పదార్థం తగిలితేనే మాక్రోఫేజ్ పూర్తి బలంతో లేస్తుంది. అప్పటికీ చావని క్రిములుంటే వాటి చుట్టూ కణాలన్నీ చేరి ఒక గోడ కడతాయి. దాన్ని గ్రాన్యులోమా అంటారు. గోడ లోపల క్రిమి, గోడ బయట మనిషి మామూలుగా పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, బెల్లం లెక్కలు రాసుకుంటూ ఉంటాడు.

ఆ గోడ ఒకసారి కట్టేసి మర్చిపోయే గోడ కాదు. రోజూ పోషించాలి. ఇది ఎంత నిజమో అనుకోకుండా తేలింది. కీళ్ళవాతానికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే కొత్త మందు వచ్చింది. గోడని నిలబెట్టే సంకేతాల్లో ఒకటైన టీఎన్ఎఫ్‌ని అది అడ్డుకుంటుంది. ఆ మందు వాడిన కొందరిలో కొద్ది వారాల్లోనే క్షయ బయటపడిందని 2001లో ప్రకటించారు. అంటే ఏళ్ళ తరబడి నిశ్శబ్దంగా ఉన్న చోట నిజానికి నిశ్శబ్దం లేదు. ఎడతెగని సంభాషణ ఉంది. మాట ఆగగానే గోడ కూలింది.

మనకి బాగా తెలిసిన లక్షణాల్లో, అంటే జ్వరం, రాత్రి చెమటలు, ఊపిరితిత్తిలో పుండు పడి కళ్ళెతో రక్తం రావడం లాంటి వాటిలో, ఎక్కువ భాగం క్రిమి విషం వల్ల వచ్చేవి కావు. మన శరీరం చేసే యుద్ధం వల్ల వచ్చేవి. యుద్ధం బలహీనంగా ఉంటే చప్పుడూ బలహీనంగానే ఉంటుంది. ముసలివాళ్ళలో క్షయ తరచూ ఇలాగే వస్తుంది: ఆకలి మందగించడం, బరువు తగ్గడం, నీరసం. ఈ మూడూ 'వయసు' అన్న మాట కింద సులువుగా ఇమిడిపోతాయి.

*

ఇప్పుడు మదనపల్లె. టాగోర్ 1919లో అక్కడ కొన్నాళ్ళు ఉండి 'జనగణమన'ని ఇంగ్లీషు చేశాడని మనం క్విజ్‌లలో చదువుకున్నాం. ఆ ఊరికి ఆనుకుని ఆరోగ్యవరం అనే చోటుంది. 1910లలో కొన్ని మిషనరీ సంస్థలు కలిసి అక్కడ ఒక క్షయ శానిటోరియం కట్టాయి. ఎత్తైన ప్రాంతం, పొడి గాలి. మందు లేని రోజుల్లో గాలి, తిండి, విశ్రాంతే వైద్యం. దక్షిణాది నలుమూలల నుంచీ రోగులు వచ్చేవారు. తాత అన్నలాంటి వాళ్ళు అక్కడిదాకా వెళ్ళగలిగేవారు కాదు. అనకాపల్లి నుంచి మదనపల్లె అంటే ఆ రోజుల్లో ఇంకో దేశం.

1948లో బీసీజీ టీకా భారతదేశంలోకి వచ్చింది. ఆల్బెర్ కాల్మెట్, కమీయ్ గెరాన్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు పశువుల క్షయ క్రిమిని బంగాళాదుంప మీద, పైత్యరసం కలిపి, 1908 నుంచి పదమూడేళ్ళు, 230 సార్లు మార్చి మార్చి పెంచి, దాని పదును విరిచి చేసిన టీకా అది. మనిషికి మొదటిసారి ఇచ్చింది 1921లో. మన దేశంలో మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. టీకా తయారీకి మద్రాసు గిండీలో ప్రయోగశాల పెట్టారు.

1950 నుంచి మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో డేనిష్ వైద్యుడు యోహానెస్ ఫ్రిమోట్-మోలర్, ఆయన బృందం ఒక పెద్ద అధ్యయనం నడిపారు. జనానికి చర్మపరీక్ష చేయడం, ఎక్స్‌రే తీయడం, కొందరికి టీకా వేసి కొందరికి వేయకుండా ఉంచడం, ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూడడం. ఫలితాలు 1960ల నుంచి వరసగా అచ్చయ్యాయి. టీకా వల్ల వచ్చిన రక్షణ ఆశించినంత లేదు. బ్రిటన్‌లో స్కూలు పిల్లల మీద అద్భుతంగా పనిచేసిన టీకా, రాయలసీమ పల్లెల్లో తడబడింది.

ఈలోగా బయట పెద్ద గొడవ నడిచింది. మద్రాసులో ఎ.వి. రామన్ అనే రిటైర్డ్ ఇంజనీరు బీసీజీకి వ్యతిరేకంగా ఏళ్ళ తరబడి రాశాడు. 1955లో ఏకంగా రాజాజీయే బీసీజీని తానెందుకు వ్యతిరేకిస్తున్నాడో చెబుతూ ఒక చిన్న పుస్తకం వేశాడు. కేంద్ర ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ టీకాని సమర్థించింది. బతికున్న క్రిమిని ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఒంట్లోకి ఎక్కిస్తారా అని ఒక పక్షం, లక్షల చావులు చూస్తూ కూర్చోమంటారా అని ఇంకో పక్షం. ఇవాళ వాట్సాప్‌లో చూసే వాదనలు చాలావరకు అప్పుడే అయిపోయాయి, కాస్త మంచి భాషలో.

ఆ గొడవ గురించి చదువుతుంటే నాకు ఒకటి తట్టింది. రెండు పక్షాలూ మాట్లాడింది పిల్లల గురించి, యువకుల గురించి. ముసలివాళ్ళ ప్రస్తావన దాదాపు లేదు. అందులో తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ దేశంలో సగటు ఆయుర్దాయం నలభై ఏళ్ళు కూడా లేదు. క్షయ అంటే తాత అన్నలాంటి ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళని తీసుకుపోయే రోగం. ముసలివాళ్ళు ఎంతమంది ఉండేవారు గనక?

*

1954లో తాత అన్న పోయేనాటికే మందులు ఉన్నాయి. స్ట్రెప్టోమైసిన్ 1943లో దొరికింది, ఐసోనియాజిడ్ 1952లో వచ్చింది. ఉన్నాయి అంటే లోకంలో ఉన్నాయి. అనకాపల్లిలో ఒక గుమస్తా కుటుంబానికి అందేంత దగ్గరలో లేవు.

రెండేళ్ళ తర్వాత, 1956లో, మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం మొదలైంది. వాళ్ళు అడిగిన ప్రశ్న చాలా సాదా ప్రశ్న. రోగిని శానిటోరియంలో పెట్టి మందులిస్తే బాగవుతాడా, ఇరుకింట్లో ఉంచి అవే మందులిస్తే బాగవుతాడా? ఇంటి దగ్గర ఉన్నవాళ్ళకి తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ. అయినా ఏడాది తర్వాత ఫలితం ఇంచుమించు సమానంగా వచ్చింది. ఇంట్లో మిగతావాళ్ళకి అంటడం కూడా ఎక్కువ కాలేదు. 1959లో అచ్చయిన ఆ ఒక్క అధ్యయనం ప్రపంచమంతా శానిటోరియంల కథ ముగించింది. గాలి, కొండ, విశ్రాంతి కాదు, మందు క్రమంగా మింగడమే వైద్యం అని తేలింది.

బీసీజీ లెక్క మాత్రం తేలలేదు. 1968లో మద్రాసుకి ఆనుకుని ఉన్న చెంగల్పట్టు జిల్లాలో, ఆంధ్ర సరిహద్దు వైపు తిరువళ్ళూరు ప్రాంతంలో, రెండున్నర లక్షల మందికి పైగా జనంతో ప్రపంచంలోనే అతిపెద్ద బీసీజీ పరీక్ష మొదలుపెట్టారు. 1979లో తొలి ఫలితం బయటికొచ్చింది. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయ నుంచి రక్షణ దాదాపు సున్నా. పసిపిల్లల్లో మెదడు పొరలకి వచ్చే ప్రాణాంతకమైన క్షయని అది ఆపుతుందని వేరే చోట్ల తేలింది కాబట్టి పుట్టిన బిడ్డలకి వేయడం కొనసాగించారు. మన ఎడమ భుజాల మీద మచ్చ అదే. దక్షిణాదిలో ఎందుకు విఫలమైందన్నదానికి ఎక్కువమంది చెప్పే కారణం, ఇక్కడి మట్టిలో నీళ్ళలో క్షయ క్రిమికి దాయాదులైన క్రిములు విస్తారంగా ఉండడం. వాటితో పరిచయమైన శరీరానికి టీకా కొత్తగా నేర్పేది తక్కువ.

అంటే టీకా అన్నది ఖాళీ పలక మీద రాసే రాత కాదు. అప్పటికే ఏదో రాసి ఉన్న శరీరం మీద రాస్తున్నాం. ఈ మాట ముసలివాళ్ళ విషయంలో ఇంకా నిజం.

*

పల్లెల్లో చేసిన ఆ చర్మపరీక్ష గురించి ఒక చిన్న విషయం చెప్పాలి. మాంటూ పరీక్షలో క్షయ క్రిమి నుంచి తీసిన ప్రొటీన్లని ముంజేతి చర్మంలోకి కొద్దిగా ఎక్కిస్తారు. గతంలో క్రిమితో పరిచయం ఉంటే రెండు మూడు రోజుల్లో అక్కడ గట్టిగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు టీ కణాల జ్ఞాపకం.

వయసు మీరినవాళ్ళలో చాలామందికి, యవ్వనంలో క్రిమి సోకి ఉన్నా, పరీక్షలో ఏమీ కనిపించదు. అయితే ఒకటి రెండు వారాల తర్వాత అదే పరీక్ష మళ్ళీ చేస్తే కొందరికి ఉబ్బుతుంది. మొదటి సూది జ్ఞాపకాన్ని నిద్రలేపింది, రెండో సూదికి అది పలికింది. అందుకే కొన్ని దేశాల్లో వృద్ధాశ్రమాల్లో పరీక్ష రెండుసార్లు చేస్తారు. ఇది చదివినప్పుడు నాకు ఆ డ్యూటీ డాక్టరు ప్రశ్న గుర్తొచ్చింది. మొదటి డాక్టరు అడిగిన వాటికి తాత జవాబులు చెప్పాడు. అన్న సంగతి మాత్రం ఇంకొకరు వచ్చి, సరైన చోట గుచ్చితేనే పలికింది.

జ్ఞాపకం ఎందుకు మసకబారుతుంది? కారణాలు ఒకటి కాదు.

మొదటిది, బడి మూతపడడం. టీ కణాలు తయారయ్యేది రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ అనే గ్రంథిలో. అదెందుకుందో కూడా సరిగ్గా తెలియని రోజుల్లో, 1961లో, లండన్‌లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో దాన్ని తీసేసి, రోగనిరోధక శక్తికి అది ప్రాణమని చూపించాడు. ఈ గ్రంథి చిన్నతనం నుంచే కుంచించుకుపోవడం మొదలై, కణజాలం పోయి కొవ్వు చేరుతుంది. కొత్త టీ కణాల రాక తగ్గిపోతుంది. పెద్దయ్యాక దాని అవసరం లేదనే చాలాకాలం అనుకున్నారు. 2023లో బోస్టన్ డాక్టర్లు, ఆపరేషన్‌లో థైమస్ తీసేసిన పెద్దవాళ్ళని తీయనివాళ్ళతో పోల్చి చూశారు. అయిదేళ్ళలో మరణాలు 8.1 శాతం, 2.8 శాతం. సగం కొవ్వైపోయిన గ్రంథి కూడా ఏదో చేస్తూనే ఉందన్నమాట.

రెండోది, ఉన్న కణాలకే వినికిడి తగ్గడం. టీ కణం తన శత్రువుని గుర్తుపట్టగానే లోపల ఒక వరస మొదలవుతుంది. ఒక ప్రొటీన్ మీద ఫాస్ఫేట్ ముక్క అతుక్కుంటుంది, అది పక్కదాన్ని లేపుతుంది, అది ఇంకోదాన్ని. అలా సంకేతం కేంద్రకం దాకా చేరాలి. దారిలో ఆ ఫాస్ఫేట్ ముక్కల్ని పీకేసే ఎంజైములూ ఉంటాయి, సంకేతం అదుపు తప్పకుండా. వాటిలో ఒకదాని పేరు డస్ప్-6. స్టాన్‌ఫర్డ్‌లో గొరొంజీ, వెయాండ్ బృందం 2012లో ప్రకటించినది ఇదీ: డస్ప్-6ని హద్దులో ఉంచే ఒక సూక్ష్మ ఆర్ఎన్ఏ, 181ఏ దాని పేరు, వయసుతో తగ్గిపోతుంది. దాంతో డస్ప్-6 పెరుగుతుంది, సంకేతం సగం దారిలో ఆరిపోతుంది. కణం ఉంది, శత్రువు ఎదురుగా ఉన్నాడు, కేక లోపలిదాకా చేరలేదు.

మూడోది దీనికి పూర్తిగా ఎదురు. ఒక పక్క అవసరమైన సంకేతం బలహీనపడుతుంటే, ఇంకో పక్క అనవసరమైన సంకేతాలు పెరిగిపోతాయి. ముసలి కణాలు, విభజన ఆగిపోయినా చావని కణాలు, ఐఎల్-6 లాంటి వాపు సంకేతాలని సన్నగా, ఎడతెగకుండా వదులుతూనే ఉంటాయి. ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాన్సెస్కీ 2000లో దీనికి 'ఇన్‌ఫ్లమేజింగ్' అని పేరు పెట్టాడు. మంట లేని పొగ లాంటిది.

నా ఉద్యోగంలో ఇది రోజూ చూసేదే. సర్వర్లు చూసుకునే టీముకి రాత్రి అలర్టులు వస్తాయి. ప్రతి చిన్నదానికీ అలర్టు పెట్టుకుంటే మొదటి వారం అందరూ లేస్తారు, రెండో నెలకి ఎవరూ లేవరు. నిజంగా డేటాబేస్ పడిపోయిన రాత్రి ఫోను మోగుతూనే ఉంటుంది, మనిషి పక్కకి తిరిగి పడుకుంటాడు. శరీరం సర్వర్ కాదని నాకు తెలుసు, ఈ పోలిక ఎక్కువ దూరం రాదు. సర్వర్‌కి పాత అలర్టులు తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. తాతకి ఆ సౌకర్యం లేదు.

*

ఇక్కడ కథ మళ్ళీ బీసీజీ దగ్గరికి వస్తుంది. ఒకసారి బీసీజీ వేస్తే టీ కణాలతో పాటు, జ్ఞాపకం ఉండదనుకున్న మింగుడు కణాలకి కూడా ఏదో తర్ఫీదు దొరుకుతుందనీ, అవి ఇతర రోగాల మీద కూడా చురుగ్గా ఉంటాయనీ నెదర్లాండ్స్‌లో మిహాయ్ నెటియా బృందం 2010ల నుంచి చెబుతూ వచ్చింది. 2020లో గ్రీసులో ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళిన అరవై అయిదేళ్ళు దాటినవాళ్ళ మీద ఒక చిన్న పరీక్ష ఫలితం వచ్చింది. ఏడాదిలో కొత్తగా ఏదో ఒక ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్ళు ఉత్తుత్తి టీకా వేసినవాళ్ళలో 42 శాతం, బీసీజీ వేసినవాళ్ళలో 25 శాతం.

అదే ఏడాది కోవిడ్ మధ్యలో, మద్రాసులో 1956లో మొదలైన ఆ పాత కేంద్రమే, ఇప్పుడు జాతీయ క్షయ పరిశోధనా సంస్థ, అరవై నుంచి ఎనభై ఏళ్ళ వాళ్ళకి బీసీజీ వేసి చూసింది. నెల తర్వాత వాళ్ళ రక్తంలో జ్ఞాపక టీ కణాలు పెరిగాయి, వాపు సంకేతాలు చాలావరకు తగ్గాయి. అంటే అలర్టుల రొద తగ్గి వినికిడి కాస్త పెరిగిన ఛాయలు. ఆశ కలిగించే మాటే. కానీ రక్తంలో కొలిచింది వేరు, మనిషి జబ్బు పడకుండా ఉండడం వేరు. కోవిడ్ విషయంలో వేరే దేశాల్లో చేసిన పెద్ద పరీక్షలు బీసీజీ వల్ల లాభం లేదనే తేల్చాయి. మదనపల్లె, చెంగల్పట్టు చరిత్ర తెలిసినవాళ్ళెవరూ నెల నాటి రక్తపరీక్ష చూసి పండగ చేసుకోరు.

2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ సర్వే మన దేశంలో క్షయ వయసుతో పాటు పెరుగుతోందని చూపించింది. ఇరవై రెండేళ్ళ కుర్రాడి రోగం ఇప్పుడు తాతల రోగం కూడా అయింది. 2024లో ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాల్లో పెద్దవాళ్ళకి బీసీజీ వేసే కార్యక్రమం మొదలైంది. అరవై దాటినవాళ్ళు అందులో ఒక వర్గం. 1948లో మదనపల్లెలో కుర్రాళ్ళ భుజాల మీద మొదలైన ప్రశ్న, ఇప్పుడు ముసలివాళ్ళ భుజాల మీద మళ్ళీ అడుగుతున్నాం. జవాబు రావడానికి ఏళ్ళు పడుతుంది. వచ్చేదాకా ఓపిగ్గా, గర్వం లేకుండా లెక్కపెట్టడం ఒక్కటే మార్గమని ఫ్రిమోట్-మోలర్ బృందం చూపించి వెళ్ళింది. ఆశించిన ఫలితం రాకపోయినా దాన్ని అచ్చేసిన వాళ్ళ నిజాయితీ నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే నచ్చిన విషయం.

*

తాతకి ఆరు నెలలు మందులు వాడాం. మూడో నెలకి ఆకలి వేసింది. ఆ తర్వాత కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతరకి వెళ్ళొస్తానని పట్టుబట్టాడు, వెళ్ళొచ్చాడు కూడా. పోయిన బరువంతా తిరిగి రాలేదు. ఇంకో మూడేళ్ళు ఉన్నాడు. చివరికి పోయింది వేరే కారణంతో.

ఆయనలో లేచింది 1954 నాటి అన్న క్రిమేనని నేను రుజువు చెయ్యలేను. క్రిమి సోకినవాళ్ళలో జబ్బు పడేవాళ్ళు ఎక్కువమంది మొదటి రెండేళ్ళలోనే పడతారని, ఇన్ని దశాబ్దాల తర్వాత లేవడం అరుదని వాదించేవాళ్ళున్నారు. మార్కెట్లోనో బస్సులోనో కొత్తగా సోకి ఉండొచ్చు. తాత మాత్రం నమ్మాడు. మందులు వాడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని, "ఆడిది ఇంకేటీ మిగల్లేదురా నా దగ్గర. పోటో కూడా లేదు. ఇదొక్కటే ఉండిపోనాది కావాల" అన్నాడు. ఏం అనాలో తెలియక ఊరుకున్నాను.

నాకు ఖచ్చితంగా తెలిసింది ఒకటే. ఆ నాలుగు నెలలు ఆయన కణాలతో పాటు మేమూ వినలేదు. ఆయన శరీరం సంకేతం పంపుతూనే ఉంది, వదులైన చొక్కా, వదిలేసిన అరిసె, బెల్లం ముక్క రుచి తెలియట్లేదన్న మాట. మేం ప్రతిదానికీ ఒకే పేరు పెట్టి పక్కకి తిరిగి పడుకున్నాం. వయసు ఒక కారణం కావచ్చు, ఆ కారణం ఎలా పనిచేస్తుందో ఇప్పుడు కణం లోపలి ప్రొటీన్ దాకా చెప్పగలుగుతున్నారు. కానీ వయసు రోగం పేరు కాదు. ఇంట్లో పెద్దవాళ్ళు "ఏటవుతాది, వయసైపోనాది" అన్నప్పుడు ఇప్పుడు నేను ఇంకో ప్రశ్న అడుగుతాను. ఒక్కోసారి రెండోసారి కూడా అడుగుతాను.